బాపును గానుగెద్దుతో పోల్చాను, తమ్ముడు మాట్లాడటం మానేశాడు

పేరు వేయవద్దని కోరిన ఈ పాఠకురాలిది జగిత్యాల వైపు ఒక పల్లె. వయసు 44. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. 1987లో దుబాయ్ వెళ్ళి, 2009లో అక్కడ పనులు ఆగిపోవడంతో తిరిగొచ్చేశారు. ఆ 22 ఏళ్ళలో రెండేళ్ళకోసారి, ఒక్కోసారి మూడేళ్ళకు ఇంటి ముఖం చూసేవారు. అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. నిరుడు నాన్న పోయారు. వచ్చే నెల సంవత్సరీకానికి ఆయన మీద 16 పేజీల చిన్న పుస్తకం వేసి బంధువులకూ ఊరివాళ్ళకూ పంచాలని పిల్లలు అనుకున్నారు. రాసే పని ఈమెది. తొమ్మిది పేజీలు రాశారు. అందులో తనకు బాగా నచ్చిన వాక్యం ఇది: “ఎండమావుల ఎడారిలో, కన్నీటి సముద్రాన్ని ఈదుతూ, 22 ఏళ్ళు గానుగెద్దులా తిరిగి తిరిగి, మా కోసం కొవ్వొత్తిలా కరిగిపోయి, మా బతుకుల్లో అమావాస్య చీకట్లు నింపి నాన్నగారు పరమపదించారు.”

ఒక ఆదివారం ఊరికి వెళ్ళి ఇంట్లో చదివి వినిపించారు. ఈ వాక్యం దగ్గర తమ్ముడు లేచి నిలబడ్డాడు. “బాపు గానుగెద్దా? కండ్లకు గంతలు గట్టుకొని తిరిగిండా? ఆయనకు అన్ని తెలుసు. తెలిసే పోయిండు” అని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి 18 రోజులుగా మాటల్లేవు. అమ్మ మొత్తం విని, “గంత ఏడ్పు మనిషా మీ బాపు?” అని ఒక్క మాట అని మళ్ళీ బీడీల చాట ముందేసుకున్నారు. “నేను రాసింది తప్పా? ఆ పోలిక తీసేస్తే నా రాతలో ప్రాణం పోతుంది. ఉంచితే తమ్ముడు పుస్తకం పంచే రోజు ఇంటికే రానంటున్నాడు. ప్రెస్ వాళ్ళు పది రోజుల్లో మ్యాటర్ ఇవ్వమన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫొటో కింద ఏం వేయాలో కూడా చెప్పండి” అని అడిగారు.

*

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు మనసులో పెట్టుకుని రాసింది వేరు, కాగితం మీద పడింది వేరు. మీ తమ్ముడు కాగితం మీద ఉన్నదాన్ని విన్నాడు. ఆయన విన్నది అందులో నిజంగానే ఉంది. మీరు అనుకున్నదీ నిజమే. ఈ రెండింటి మధ్య ఎడం ఎక్కడ వచ్చిందో తెలిస్తే సగం భారం దిగుతుంది.

మా ఊళ్ళో నా చిన్నప్పుడు ఎద్దు గానుగ ఉండేది. నువ్వులు పోసి తిప్పుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఎద్దు కళ్ళకు గంతలు కట్టేవాళ్ళు. తల తిరిగి పడిపోకుండా అని చెప్పేవారు. తాను ఎక్కడికీ పోవడం లేదని దానికి తెలియకుండా అని మా తాత అనేవాడు. పొద్దుగూకేదాకా నడిచి నడిచి, పొద్దున నిలబడ్డ చోటే నిలబడేది. నూనె ఎవరి డబ్బాలోకో పోయేది. దానికి మిగిలేది ఇంత తెలగపిండి.

మీరు ఆ ఎద్దు నుంచి తీసుకున్నది ఒక్కటే, ఆగకుండా చేసిన చాకిరీ. కానీ పోలిక మనం అడిగినంతే ఇచ్చి ఊరుకోదు. గంతలు, చెర్నాకోల, ఎక్కడికీ చేరని నడక, ఇంకొకరి డబ్బాలోకి పోయే నూనె, అన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. మన అలంకారశాస్త్రం చెప్పేవాళ్ళు వెయ్యేళ్ళకు పైగా ఒక ఉదాహరణ చెబుతూ వస్తున్నారు: ‘గంగ మీద గొల్లపల్లె’. నీళ్ళ మీద పల్లె ఉండదు, ఒడ్డున ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ‘గంగ ఒడ్డున’ అనకుండా ‘గంగ మీద’ అంటే గంగ చల్లదనం, పవిత్రత కూడా ఆ పల్లెకు వచ్చేస్తాయి. ఎవరూ చెప్పకుండానే వస్తాయి. ఆ పల్లెకు గంగ చల్లదనం వచ్చినట్టే మీ బాపు కళ్ళకు గానుగెద్దు గంతలు వచ్చాయి. మీరు కట్టలేదు. మాట కట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి. ఉత్తరం చివర్లో, వేరే విషయం చెబుతూ, తమ్ముడు కూడా నాలుగేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చాడని ఒక్క ముక్కలో రాశారు. అసలు ముడి నాకు అక్కడే కనిపించింది. మీకు గల్ఫ్ అంటే ఇంటి దగ్గర ఎదురుచూసిన ఏళ్ళు. ఆయనకు గల్ఫ్ అంటే క్యాంపు రూము, ఒకే గదిలో పదిమంది, అప్పు తీరేదాకా తిరిగి రాకూడదని తనకు తాను చెప్పుకున్న మాట. మీరు బాపును గానుగెద్దు అన్నప్పుడు ఆయన చెవిలో తన నాలుగేళ్ళు కూడా ఆ గానుగ చుట్టూ తిరిగాయి. “తెలిసే పోయిండు” అన్నది బాపు గురించే కాదేమో, ఒకసారి ఆలోచించండి.

ఒకే పనికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. ‘గొడ్డు చాకిరీ చేశాడు’ అంటే చేయించిన వాడి మీద కోపం వస్తుంది, చేసిన వాడి మీద జాలి కలుగుతుంది. ‘రెక్కల కష్టం మీద పిల్లల్ని పెంచాడు’ అంటే తల ఎత్తుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ‘కాయకష్టం’ అంటే చెమట వాసన వస్తుంది, కానీ అవమానం లేదు. ‘అహర్నిశలు శ్రమించారు’ అంటే సన్మాన పత్రం గుర్తొస్తుంది, మనిషి కనిపించడు. నాలుగింటిలోనూ ఎండా అదే, ఇటుకా అదే. చదివేవాళ్ళ మనసు మాత్రం నాలుగు దారుల్లో పోతుంది. మీ రాతలో ఈ నాలుగూ కలిసిపోయాయి. ఒక పేజీలో బాపు మీద జాలి, పక్క పేజీలో సన్మానం. అందుకే తమ్ముడు ‘ఇది మన బాపేనా’ అన్నట్టు చూశాడని మీరే రాశారు.

అమ్మ మాట దగ్గరికి వస్తాను. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పదునైన విమర్శ ఆవిడదే. మీ వాక్యంలో ఎడారి ఉంది, దాని పక్కనే సముద్రం ఉంది, ఎద్దు, కొవ్వొత్తి, అమావాస్య ఉన్నాయి. చదివేవాడు ఎడారిని ఊహించుకునే లోపే నీళ్ళలో పడతాడు, ఈదుతుండగానే ఎద్దు అవుతాడు, ఎద్దు కాస్తా కొవ్వొత్తిగా కరుగుతుంది. ఏ బొమ్మా కుదురుగా నిలబడదు. మిగిలేది ‘ఏడవండి’ అనే ఒక్క ఆజ్ఞ. మూడో పేజీలో ‘హృదయవిదారకమైన’ అనే మాట నాలుగుసార్లు వాడారు. ఆ మాట ఏం జరిగిందో చెప్పదు, మేం ఏం కావాలో చెబుతుంది. బాపుతో నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషికి ఆ తొమ్మిది పేజీల్లో బాపు ఎక్కడా దొరకలేదు.

కానీ ఉత్తరంలో దొరికాడు. నాకు రాసిన ఉత్తరంలో, ‘ఇది వ్యాసంలో పెట్టలేదు, చిన్న విషయం’ అంటూ రాసిన చోట. మీ ఇల్లు ఆయన పంపిన డబ్బుతోనే కట్టారు, కట్టింది మాత్రం వేరే మేస్త్రీ. సెలవుకు వచ్చిన మొదటి రాత్రి అందరూ పడుకున్నాక ఆయన టార్చిలైటు వేసుకుని, దారానికి గుండు కట్టి వేలాడదీసి గోడలు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకునేవాడు. వచ్చిన ప్రతిసారీ చూసేవాడు. “గోడ ఏడికి పోదు, పండుకో” అని అమ్మ మంచం మీద నుంచి అనేది. ఆయన నవ్వితే పక్క గదిలో మీకు మెలకువ వచ్చేది.

ఇందులో దుఃఖం అనే మాట ఎక్కడుంది? ఎడారి ఉందా, కన్నీరు ఉందా? ఊరూరి వాళ్ళకు ఇళ్ళు కట్టిన మనిషి తన ఇంటి గోడను తాకి చూసుకోవడానికి రెండేళ్ళు ఆగాల్సి వచ్చిందని మీరు అనలేదు. ఆ దారం, గుండు అన్నాయి. చదువుతూ నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాల్సి వచ్చింది. పైగా ఇందులో అమ్మ అడిగిన నవ్వు కూడా ఉంది. నవ్వు పక్కన పెడితే కరుణ తగ్గుతుందని మీకు భయం కావచ్చు. నా అనుభవంలో నవ్వు వినిపించాక వచ్చే నిశ్శబ్దమే ఎక్కువ బరువుగా ఉంటుంది.

మాటల ఎంపికలో ఇంకోటి. ఇంట్లో ‘బాపు’ అని పిలిచి కాగితం మీద ‘నాన్నగారు’ అన్నారు, ‘అవ్వ’ను ‘మాతృమూర్తి’ చేశారు. ఎందుకో నాకు తెలుసు. అచ్చులోకి వెళ్ళేటప్పుడు మంచి బట్టలు వేసుకోవాలని బడి నేర్పింది. పదకొండో శతాబ్దంలో కశ్మీర్‌లో క్షేమేంద్రుడు అని ఒక కవి ఉండేవాడు. మెడలో వడ్డాణం, చేతికి కాలి అందె పెట్టుకుంటే ఎవరికైనా అందం వస్తుందా అని అడిగాడు. వడ్డాణం మంచి నగే. చోటు అది కాదు, అంతే. ‘పరమపదించారు’ కూడా మంచి మాటే. విష్ణు సన్నిధికి చేరారనే అర్థం మోసుకొస్తుంది. అది ఇంట్లో పలికే కుటుంబాల్లో దానికి ప్రాణం ఉంది. ‘తుదిశ్వాస విడిచారు’ అంటే టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు కళ్ళ ముందుకు వస్తాయి. ‘కాలం చేశారు’లో ఒక పెద్దరికం ఉంది. ‘కన్నుమూశారు’ మెత్తగా ఉంటుంది. ‘చనిపోయారు’ ఏ రంగూ పూయకుండా నిజం చెబుతుంది. దేన్నీ తక్కువ చేయను. ఆ రోజు పొద్దున మీ వాకిట్లో వినిపించిన మాట ఏదో గుర్తు చేసుకోండి అంటాను.

మన వాళ్ళు ఈ విషయంలో చాలా జాగ్రత్త మనుషులు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. మంగళసూత్రం తెగితే పెరిగింది అంటారు. చిన్నప్పుడు నేను ‘దీపం ఆరిపోయింది’ అని అరిస్తే మా అమ్మమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వెచ్చదనం నాకు ఇప్పటికీ తెలుసు. మాట మారితే ఇంట్లో గాలి మారుతుందని ఆవిడకు ఎవరూ శాస్త్రం చెప్పలేదు. గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనకుండా ‘పోయొస్తా’ అనడమూ అందుకే.

మీ బాపు బొంబాయి బస్సెక్కేటప్పుడు ప్రతిసారీ “పోయొస్త బిడ్డా” అనేవాడని, ఆ తర్వాత నెల రోజులు ఎవరడిగినా మీరు “బాపు పోయిండు” అని చెప్పేవారని రాశారు. నిరుడు ఊరంతా మళ్ళీ అదే మాట అంది. “బాపు పోయిండు.” ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో తిరుగుతున్న ఈ ఒక్క క్రియ మీ తొమ్మిది పేజీల పోలికలన్నీ మోయలేని బరువు మోస్తోంది. దాన్ని తీసేసి పరమపదాన్ని పెట్టారు. అది నాకు బాధ కలిగించింది, నిజంగా.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దారులు చూద్దాం.

గానుగెద్దును ఉంచాలని మీకు గట్టిగా ఉంటే ఉంచవచ్చు. ఆ ఏళ్ళన్నీ వృథా అయ్యాయనే కోపం మీలో ఉందని నాకు అనుమానం. ఉంటే అది కూడా బిడ్డ ప్రేమే, దాన్ని దాచనక్కర్లేదు. అప్పుడు ఆ పోలికను ఒక వాక్యం మధ్యలో నలిపేయకండి. ఒక్కదాన్నే నిలబెట్టండి, మిగిలిన నాలుగూ తీసేయండి. అది మీ కళ్ళకు కనిపించిన బాపు అని తెలిసేలా రాయండి. తమ్ముడి మాటను కూడా లోపలికి తెచ్చుకోవచ్చు: “గానుగెద్దుకు గంతలుంటాయి. బాపుకు లేవు. అన్నీ చూస్తూనే తిరిగాడు.” ఇలా రాస్తే పోలిక బరువు పెరుగుతుంది, అందులోకి ఒక గౌరవం కూడా వస్తుంది. కానీ ఇది సంవత్సరీకం రోజు భోజనాల దగ్గర పంచే పుస్తకం. హడావిడిలో పేజీ తిప్పిన బంధువుకు ‘గానుగెద్దు’ ఒక్కటే కంటపడుతుంది, దాన్నే పట్టుకుని అమ్మ ముందు మాట్లాడతాడు. ఆ రోజు దాన్ని అమ్మ, తమ్ముడు భరించాలి.

ఇంకో ఎద్దును తెచ్చుకోవచ్చు. కాడెద్దు. దానికి గంతలుండవు, ముందు చేను కనిపిస్తుంది, దున్నిన చాలు వెనక కనిపిస్తుంది. అదీగాక కాడికి రెండు వైపులుంటాయి. రెండో వైపు తునికాకు కత్తిరిస్తూ అవ్వ ఉంది. మనసుకు హత్తుకునే పోలికే, తమ్ముడికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. అయితే చాలామంది వాడిన దారి, కొత్తగా అనిపించకపోవచ్చు. పైగా తనను ఎద్దు పక్కన కట్టడం అవ్వకు ఎలా ఉంటుందో ఆవిడనే అడగాలి.

లేదా పోలికలు మొత్తం పక్కన పెట్టి దారం గుండు, టార్చి, ‘పోయొస్త’, ఆ నవ్వు, వీటితోనే రాయవచ్చు. నా మనసు ఇటే మొగ్గుతోందని దాచను. అప్పుడు తొమ్మిది పేజీలు మూడవుతాయి. కష్టపడి రాసింది కొట్టేస్తుంటే చెయ్యి రాదు. పుస్తకం పల్చగా ఉందని ఎవరైనా అనవచ్చు. గల్ఫ్ గురించి మీకున్న కోపానికి అందులో చోటు ఉండదు. ఆ కోపం కోసం ఇంకో వ్యాసం, తొందర లేకుండా, వచ్చే ఏడాదైనా రాసుకోవచ్చు. అది ప్రెస్ తేదీతో, భోజనాల పంక్తితో సంబంధం లేని రాత.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు “నా ఉద్దేశం అది కాదు” అని మొదలుపెట్టకండి. అలా అంటే ‘నువ్వు తప్పుగా విన్నావు’ అని ఆయనకు వినపడుతుంది. “గంతలు లేవన్నవు గదా, నిజమే. మరి నువ్వయితే బాపును దేనితో పోలుస్తవు?” అని అడిగి ఊరుకోండి. వెంటనే చెప్పకపోవచ్చు. రెండు రోజులకు ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్తాడు, మస్కట్ సంగతి కూడా చెప్తాడేమో. ఆయన చెప్పినదాన్ని మీ భాషలోకి దిద్దకుండా ఆయన పేరుతో ఒక పేజీ వేస్తే, ఒకే పుస్తకంలో ఇద్దరు బాపులు ఉంటారు. అప్పుడు మీ గానుగెద్దు కూడా అంత గుచ్చుకోకపోవచ్చు. ఆయన అసలు మాట్లాడనంటే మాత్రం ఈ పది రోజుల్లో బలవంతం చేయవద్దు. సంవత్సరీకానికి ఒక ఫొటో, నాలుగు వాక్యాలున్న కార్డు వేసినా లోటు లేదు. పుస్తకం తర్వాతైనా వేసుకోవచ్చు.

బాపు దుబాయ్ నుంచి మాట్లాడి పంపిన టేపులు రెండు ఇంట్లో ఉన్నాయన్నారు. రాసే ముందు వాటిని వినండి. టేప్ రికార్డర్ పాడైపోయి ఉంటే బాగుచేసేవాళ్ళు జగిత్యాలలో దొరకవచ్చు, దొరక్కపోతే హైదరాబాద్ తెచ్చుకోండి. ఆయన మిమ్మల్ని ఏమని పిలిచాడో, ఎండను ఏమన్నాడో, కట్టే బిల్డింగును ఏమన్నాడో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. మీరు ‘ఆకాశహర్మ్యాలు’ అని రాసిన చోట ఆయన ఏ మాట అన్నాడో నాకు వినాలని ఉంది. తిరగరాసింది అవ్వకు సాయంత్రం, బీడీలు చుడుతుండగా చదివి వినిపించండి. చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడండి.

ఫొటో కింద ‘కీ.శే.’ వేయడం ఆనవాయితీ. కీర్తి మాత్రమే మిగిలినవారు అని ఆ మాటకు అర్థం, తప్పేమీ కాదు. బంధువులకు అది కావాలనిపిస్తే పూర్తి పేరుతో లోపలి పేజీలో వేయండి. అట్ట మీద మాత్రం నేనైతే ఆయన ఫొటో, కింద ‘బాపు’, దాని కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేస్తాను. ‘బాపు’ అన్న రెండక్షరాలు తమ్ముడి చేతిరాతలో ఉంటే ఇంకా మంచిది. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాయించి ఇస్తే ప్రెస్‌లో స్కాన్ చేసి అలాగే వేస్తారు.